వాపు దించేది కట్టు, దిగిన చేతిని కాపాడేది స్లీవ్

ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్ చికిత్స అయ్యాక చెయ్యి వాయడం. పోయిన సంచికలో మెడనొప్పి గురించి రాస్తూ ఒక్క వాక్యంలో స్లీవ్ మాట, అంటే వాచే చేతికి బిగుతుగా తొడుక్కునే సాగే తొడుగు మాట, తెచ్చాను, అంతే. అందుకే ఈసారి మోకాళ్ళనీ నడుములనీ పక్కన పెట్టి పేజీలన్నీ దీనికే ఇస్తున్నాను. చాలామంది ‘డాక్టర్ గారూ’ అని మొదలుపెట్టారు. నేను డాక్టర్ని కాదండీ, ఫిజియోథెరపిస్టుని. గుంటూరులో ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. మందులు రాయడం నా పని కాదు, కట్లు కట్టడం నా పని.

ఆపరేషన్ అయి మూడేళ్ళయింది. ఎడమ చెయ్యి కొంచెం వాపు ఉంటుంది. మొన్న చేపలు బాగుచేస్తుంటే ముల్లు గుచ్చుకుంది. రెండో రోజుకి చెయ్యంతా ఎర్రబడి కాలిపోతోంది. చలిజ్వరం వచ్చింది, మాత్ర వేసుకుంటే తగ్గింది. స్లీవ్ రాత్రీ పగలూ ఉంచేసుకుంటే ఈ వాపు లాగేస్తుందా?
– ఒక సోదరి, భీమవరం

పత్రిక అచ్చయ్యేదాకా ఆగలేదమ్మా. మీరు ఉత్తరం కింద రాసిన నంబరుకి అదే రోజు ఫోన్ చేశాను, మీ అబ్బాయి ఎత్తాడు. ఆ సాయంత్రమే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. కాబట్టి ఇప్పుడు రాస్తున్నది మిగతావాళ్ళ కోసం.

చంకలో లింఫ్ గ్రంథులు తీసేసిన చేతికి కాపలా తక్కువ. చిన్న ముల్లు చాలు, చర్మం కింద ఇన్ఫెక్షన్ గంటల్లో పాకుతుంది. సెల్యులైటిస్ అంటారు. అది వచ్చిన ప్రతిసారీ మిగిలిన లింఫ్ నాళాలు ఇంకొన్ని పాడై, వాపు ఒక మెట్టు పెరుగుతుంది. ఎర్రదనం, వేడి, చలిజ్వరం కనిపిస్తే స్లీవ్ తీసేయండి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. పారాసిటమాల్‌తో జ్వరం దిగిందని ఊరుకోవద్దు. మళ్ళీ స్లీవ్ ఎప్పుడు వేసుకోవాలో ఆయన్నే అడగండి.

ఇంకో రకం కూడా ఉంది. ఒకట్రెండు రోజుల్లో చెయ్యి ఉన్నట్టుండి ఉబ్బి, నొప్పెట్టి, రంగు నీలానికి తిరిగితే అది రక్తం గడ్డ కట్టడం కావచ్చు. అప్పుడూ స్లీవ్ వద్దు, అదే పూట ఆసుపత్రి.

చేపలు మానమనడం లేదు. భీమవరంలో ఉన్నవాళ్ళని చేపలు మానమంటే ఎవరు వింటారు? రబ్బరు గ్లౌజు వేసుకోమంటున్నాను.

మేడమ్ గారూ, నా వయసు 54. 2022లో కుడి రొమ్ముకి ఆపరేషన్ చేసి చంకలో గడ్డలు కూడా తీశారు. తరవాత కీమో, 25 రోజులు కరెంటు (రేడియేషన్). రెండేళ్ళు బాగానే ఉన్నాను. సంక్రాంతికి అరిసెల పని చేశాక చెయ్యి బరువెక్కింది, ఉంగరం దిగలేదు. సర్జన్ గారు చూసి క్యాన్సర్ తిరగబెట్టలేదు, ఇది లింఫెడిమా అన్నారు. పక్కింటావిడ మాత్రం ‘ఇది బోదే, మా అత్తకి కాలు ఇలాగే మొదలైంది’ అని బోదకాలు మాత్రలు ఇచ్చింది. మా అల్లుడు ఆన్‌లైన్‌లో మీడియం సైజు స్లీవ్ తెప్పించాడు. వేసుకుంటే మోచెయ్యి దగ్గర తాడు కట్టినట్టు గుర్తు పడుతోంది, చెయ్యి వెనక భాగం బూరెలా పొంగుతోంది. ఇంకా గట్టిది కొనాలా? ఇది బోదేనా? అసలు తగ్గుతుందా?
– తెనాలి నుంచి ఒక పాఠకురాలు

చివరి ప్రశ్న నుంచి వస్తాను, మీకు రాత్రి నిద్ర పట్టనివ్వనిది అదే కాబట్టి. తగ్గుతుంది. మొత్తానికి పోతుందని మాత్రం చెప్పను. షుగర్‌నీ బీపీనీ చేతిలో పెట్టుకున్నట్టు దీన్నీ చేతిలో పెట్టుకోవాలి.

పక్కింటావిడ మాట సగం ఒప్పు. బోదకాలులోనూ మీ చేతిలోనూ పూడింది ఒకే కాలువ. కణాల మధ్య ఊరే నీటినీ ప్రోటీన్లనీ తిరిగి రక్తంలోకి చేర్చే లింఫ్ నాళాలు అవి. బోదలో క్యూలెక్స్ దోమ తెచ్చిన పురుగులు ఆ నాళాలను పాడుచేస్తాయి. మీకు చంకలో గ్రంథులు తీసేశారు, మిగిలినచోట కరెంటు వల్ల కండ బిగుసుకుంది. దారి మూసుకుంది, పురుగు లేదు. బోద మాత్ర చంపేది పురుగుని. లేని పురుగుకి మందెందుకు? ఆపేయండి. వాపు అనగానే కొందరు నీళ్ళ మాత్ర వేసుకుంటారు, అదీ దీనికి పనికిరాదు. నీళ్ళు పోతాయి, ప్రోటీన్ అక్కడే ఉండి మళ్ళీ నీటిని లాక్కుంటుంది.

మీ పక్కింటావిడకి గొప్ప తోడు ఉంది లెండి. రొమ్ము ఆపరేషన్ల చరిత్రలో పెద్ద పేరున్న అమెరికా సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 1921లో ఈ వాపు గురించి రాస్తూ దానికి ఏనుగుకాలు పేరే పెట్టాడు, శస్త్రచికిత్స వల్ల వచ్చిన ఎలిఫెంటియాసిస్ అని.

అరిసెల మీద నేరం వేయకండి. చంకలో గ్రంథులు మొత్తంగా తీసినవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఈ వాపు వస్తుంది. క్యాన్సర్ పాకితే ముందుగా చేరే ఒకటి రెండు కాపలా గ్రంథులు (సెంటినెల్ నోడ్స్) మాత్రమే తీసి పరీక్షించినవాళ్ళలో ఇరవై మందిలో ఒకరికి అటూఇటూగా. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకీ రావచ్చు, కొన్నేళ్ళకీ రావచ్చు. ఆ రోజు మీరు పిండి కలపకపోయినా ఇంకో రోజు ఉంగరం బిగుసుకునేదే.

ఇప్పుడు స్లీవ్ సంగతి. గట్టిది కొనకండి, ఉన్నదీ తీసి పక్కన పెట్టండి. ఇక్కడే అందరూ పొరపడుతున్నారు. స్లీవ్ వాపుని దించడానికి కాదు, దిగిన చేతిని దిగినచోటే ఉంచడానికి. ఉబ్బిన చేతికి ఉబ్బు కొలతతో స్లీవ్ కొంటే అది ఆ ఉబ్బునే కాపాడుతుంది. కొలతే లేకుండా ‘మీడియం’ అని కొంటే మీకు జరిగిందే జరుగుతుంది. ఒకచోట నొక్కి, నీటిని అరచేతిలోకి తోస్తుంది.

ముందు కట్టు. మందుల షాపులో దొరికే క్రేప్ బ్యాండేజ్ కాదు. అది రబ్బరులా బాగా సాగుతుంది. దీనికి తక్కువ సాగే కట్టు గుడ్డ వేరే ఉంటుంది, షార్ట్ స్ట్రెచ్ బ్యాండేజ్ అని అడగాలి. తేడా ఏమిటో మీ తెనాలి కాలువ చూసినవాళ్ళకి చెప్పడం తేలిక. గట్టు గట్టిగా ఉంటే నీళ్ళు ముందుకు పోతాయి, మెత్తటి గట్టయితే నీళ్ళతో పాటు గట్టూ పక్కకి జరుగుతుంది. చెయ్యి ఆడించినప్పుడు కండ ఉబ్బుతుంది. సాగని కట్టు దానికి ఎదురు నిలబడి నీటిని పైకి నెడుతుంది. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు దాని ఒత్తిడి తక్కువ, అందుకే రాత్రి కూడా ఉంచుకోవచ్చు. క్రేప్ సరిగ్గా ఇందుకు తలకిందులు.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఒకావిడకి క్రేప్‌తోనే కట్టాను. మణికట్టు నుంచి పైకి, బాగా బిగించి. వేళ్ళు వదిలేశాను. మర్నాడు ఆవిడ వేళ్ళు చక్కెరకేళీ అరటిపళ్ళలా ఉన్నాయి. ఉంగరాన్ని కంసాలి దగ్గర కోయించుకుని వచ్చింది. నన్నొక్క మాట అనలేదు, మళ్ళీ కట్టమని చెయ్యి చాపింది. అప్పటినుంచి వేళ్ళతో మొదలుపెట్టకుండా ఏ చేతికీ కట్టలేదు.

సరైన కట్టు ఎలా ఉంటుందో చెబుతాను, ఎవరైనా కడుతుంటే మీరే గమనించవచ్చు. ముందు చర్మానికి తేమ పూత. దాని మీద గొట్టంలాంటి నూలు తొడుగు. తరవాత ఒక్కో వేలికీ సన్నటి గాజుగుడ్డ. మోచేతి మడత దగ్గర, అరచేతిలో దూది లేదా స్పాంజి మెత్తలు. ఆపైన 6, 8, 10 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలు ఒకదాని మీద ఒకటి, అరచేతి దగ్గర ఒత్తిడి ఎక్కువగా, భుజం వైపు పోయేకొద్దీ తక్కువగా. కట్టాక వేళ్ళ చివర్లు తెల్లబడినా, నీలంగా మారినా, తిమ్మిరెక్కినా తప్పు కట్టారన్నమాట, విప్పేయాలి. వారానికి ఐదు రోజుల చొప్పున రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మార్చేటప్పుడు తప్ప రోజంతా కట్టులోనే ఉంటారు. కట్టుతోనే చెయ్యి ఆడించాలి, ఆడించకపోతే సగం పని అవదు.

దీనితోపాటు మసాజ్ ఉంటుంది. 1930లలో డెన్మార్క్‌కి చెందిన వోడర్ దంపతులు తీర్చిదిద్దిన పద్ధతి. చర్మాన్ని ఊరికే జరిపినట్టుంటుంది. మొదటిసారి చేయించుకున్నవాళ్ళు ‘ఇంతేనా?’ అంటారు. ఇంతే. నూనె రాసి పిసికితే ఉన్న నాళాలు నలుగుతాయి.

చెయ్యి దిగడం ఆగాక, అంటే వరసగా కొన్ని రోజులు టేపులో అంకె కదలకపోయాక, అప్పుడు స్లీవ్‌కి కొలతలు. పొద్దున్నే కట్టు విప్పిన వెంటనే తీయాలి. మీకు చెయ్యి వెనక కూడా పొంగుతోంది కాబట్టి స్లీవ్ ఒక్కటే చాలదు, అరచేతి తొడుగు కూడా కావాలి. ఒత్తిడిని బీపీ కొలిచినట్టే పాదరసం మిల్లీమీటర్లలో చెబుతారు. డబ్బా మీద ‘క్లాస్ 2’ అని చూసి కొనకండి, అంకె చూడండి. జర్మన్ లెక్కలో క్లాస్ 1 అంటే 18–21, క్లాస్ 2 అంటే 23–32. అమెరికా సరుకు మీద 15–20, 20–30 అని ఉంటుంది. చేతికి సాధారణంగా ఈ రెండు మెట్లలో ఒకటి సరిపోతుంది. ఏదన్నది చెయ్యి చూసినవాళ్ళు చెప్పాలి. మోచెయ్యి ఆకారం మారిపోయినవాళ్ళకి రెడీమేడ్ కుదరదు, కొలతలిచ్చి కుట్టుగీత ఉండే ముతక నేత స్లీవ్ చేయించుకోవాలి.

ఒక పని ఇవాళే చేయండి. బొటనవేలితో ముంజేతిని పది సెకన్లు నొక్కి చూడండి. సొట్ట పడి, పొద్దున లేచేసరికి వాపు చాలావరకు తీసినట్టుంటే ఇంకా తొలి దశలోనే ఉన్నారు, ఆలస్యం చేయకండి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలోనే ఫిజియోథెరపీ విభాగం ఉందేమో అడగండి. అడగనిదే చాలాచోట్ల చెప్పరు.

మాది ఖమ్మం జిల్లా. మా ఆవిడకు ఆరు నెలల కింద కట్లు కట్టి చెయ్యి తగ్గించారు, స్లీవ్ ఇచ్చారు. మిర్చి తోటలో పని. ఎండలో అది వేసుకుంటే చెమటకాయలు, దురద. పగలు తీసేసి రాత్రి పండుకునేటప్పుడు వేసుకుంటానంటుంది. సరేనా?
– ఒక రైతు

సరి కాదండీ, తిరగేసి చేస్తున్నారు. పగలు చెయ్యి కిందికి వేలాడుతుంది, పని చేస్తుంది, ఎండకి నీరు పడుతుంది. స్లీవ్ అవసరం అప్పుడే. రాత్రి పడుకున్నాక వాపు దానంతట అదే కొంత తీస్తుంది. పైగా పగటి స్లీవ్ సాగే రకం, నిద్రలో చుట్టుకుపోయి ఒకచోట బిగుస్తుంది. లేవగానే, చెయ్యి ఇంకా తేలిగ్గా ఉన్నప్పుడే తొడుక్కోవాలి. రాత్రి స్నానానికి తీయాలి.

చెమటకాయల బాధ నిజమే. మే నెలలో ఏసీ గదిలో కూర్చుని ‘తప్పకుండా వేసుకోవాలి’ అని చెప్పడం తేలిక. నేను చెప్పేవి ఇవి. తోటపని పొద్దున ఆరింటి నుంచి పదింటిలోపు అయ్యేలా చూడండి. మధ్యాహ్నం స్లీవ్ మీద కాసిన్ని నీళ్ళు చిలకరించుకుని గాలికి కూర్చోమనండి, చల్లబడుతుంది. కొబ్బరినూనె రాత్రి రాయండి, పొద్దున వద్దు. నూనె తగిలితే ఎలాస్టిక్ చెడుతుంది, స్లీవ్ జారుతుంది. మడతల్లో దురదతో పాటు ఎర్రటి అంచు కనిపిస్తే తామర కావచ్చు, చర్మ డాక్టర్‌కి చూపించండి. గోకితే పుండు, పుండయితే పైన భీమవరం సోదరి కథ.

మిరప కోతకి వెళ్ళేవాళ్ళు చీర మీద మగవాళ్ళ ఫుల్‌హ్యాండ్ చొక్కా వేసుకుంటారు కదా. మీ పాత చొక్కా వదులుగా ఉన్నది ఒకటి ఇవ్వండి. ఎండా తగలదు, పుల్లలూ గీరుకోవు, ‘చేతికి ఏమయింది?’ అని అడిగేవాళ్ళూ ఉండరు. ఆవిడ స్లీవ్ తీసేస్తానంటున్నది దురదకేనా, ఆ ప్రశ్నకా, ఒకసారి మెల్లగా కనుక్కోండి.

స్లీవ్‌లు రెండుండాలి. ఒకటి ఒంటి మీద, ఒకటి తీగ మీద. రోజూ మామూలు సబ్బుతో చల్లనీళ్ళలో ఉతికి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో ఆరేయాలి. రోజూ వాడితే సుమారు ఆరు నెలలకి పట్టు పోతుంది. అంటే మీది మార్చే టైము వచ్చింది. ఒక్కోటి వేలల్లో ఉంటుందని తెలుసు. కానీ సాగిపోయినది వేసుకోవడం, వేసుకోకపోవడం రెండూ ఒకటే.

నేను జగిత్యాల దిక్కు. బీడీలు చేస్త, దినాం వెయ్యి. ఎడమ చెయ్యి వాపు, స్లీవ్ ఏస్కుంట. మా ఆడిబిడ్డ ఆ చెయ్యితోని ఏం పని చెయ్యొద్దు, బిందె గూడ లేపొద్దంటది. పని ఇడిశిపెడితె ఎట్ల బతుకుడు?
– ఒక బీడీ కార్మికురాలు (పాప చేత రాయించారు)

విడిచిపెట్టొద్దమ్మా. మీ ఆడబిడ్డ చెప్పింది ఒకప్పుడు మేమూ చెప్పిన మాటే. ‘ఐదు కిలోలు దాటి ఎత్తొద్దు’ అని నేనే ఎంతమందికో కాగితం మీద రాసిచ్చాను. 2009లో అమెరికాలో కాథరిన్ ష్మిట్జ్ బృందం, చెయ్యి వాచిన 141 మంది ఆడవాళ్ళ మీద చేసిన పరీక్ష ఫలితాలు ప్రచురించింది. సగం మందితో చాలా తక్కువ బరువుతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతూ వారానికి రెండుసార్లు బరువులు ఎత్తించారు. వాళ్ళకి వాపు పెరగలేదు సరికదా, ఉన్నట్టుండి వాపు ముదరడం తగ్గింది. ఆ తరవాత నా కాగితాలు చించేశాను.

కాబట్టి అరలీటరు నీళ్ళ సీసాతో మొదలుపెట్టండి, స్లీవ్ వేసుకునే. పది సార్లు ఎత్తి దించడం, వారానికి రెండు మూడు రోజులు. మర్నాటికి బరువుగా అనిపించకపోతే కొంచెం పెంచండి. నిండు బిందె చంకనెత్తడం ఇప్పుడే వద్దు, సగం బిందె రెండో చంకన.

బీడీల పనిలో ఇబ్బంది బరువు కాదు, కదలకపోవడం. ఒళ్ళో చాట, వంగిన మెడ, గంటల తరబడి ఒకే తీరు. ప్రతి కట్ట అయ్యాక చాట పక్కన పెట్టి రెండు చేతులూ పైకెత్తి పిడికిలి పదిసార్లు మూసి తెరవండి, రెండుసార్లు నిండా ఊపిరి పీల్చండి. అరచేతి తొడుగు తీసుకుంటే వేళ్ళు బయటికి ఉండేది తీసుకోండి, లేకపోతే దారం చుట్టలేరు. కత్తెర పోటు జాగ్రత్త. తంబాకు పొడి స్లీవ్ లోపల చేరుతుంది, మీరు మాత్రం ఒక్క రోజు కూడా ఉతక్కుండా వేసుకోవద్దు. బీపీ, సూది వీలైనంతవరకు కుడి చేతికే ఇమ్మనండి. ఎప్పుడైనా తప్పనిసరై ఎడమ చేతికి ఇచ్చారని టెన్షన్ పడకండి.

మా అమ్మ హనుమకొండలో ఉంటుంది. చంకలో గ్రంథులన్నీ తీశారు, రేడియేషన్ మొన్ననే పూర్తయింది. వాపు లేదు. రెండు నెలల్లో డాలస్‌కి మా దగ్గరికి వస్తోంది. విమానంలో స్లీవ్ తప్పదా? గాలితో నొక్కే మిషన్ కొని ఉంచనా?
– ఒక కూతురు, డాలస్

మిషన్ వద్దు. వాపు లేని చేతికి దానితో పని లేదు. వాపు ఉన్నవాళ్ళకి కూడా అది కట్టుకి తోడే గానీ బదులు కాదు.

స్లీవ్ గురించి మాత్రం విమానం కంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్ళు సిడ్నీ పరిశోధకులతో కలిసి, గ్రంథులు తీసిన 307 మంది మీద చేసిన పరీక్ష 2022లో వచ్చింది. వాపు రాకముందే, ఆపరేషన్ తరవాత నుంచి చికిత్స ముగిసిన మూడు నెలల దాకా రోజూ స్లీవ్ వేసుకున్నవాళ్ళలో చెయ్యి వాయడం తగ్గింది. అమ్మగారు సరిగ్గా ఆ మూడు నెలల్లోనే ఉన్నారు. బయలుదేరేలోపు సర్జన్ గారిని ఈ ఒక్క ప్రశ్న అడిగించండి. వేసుకోమంటే కొలిచి తీసుకోవాలి. హడావుడిగా కొన్న బిగుతు స్లీవ్‌తో ఇరవై గంటలు కూర్చోవడం కంటే ఒట్టి చేత్తో కూర్చోవడం మేలు. విమానం ఎక్కినందువల్లే వాపు వస్తుందని పరిశోధనల్లో తేలలేదు. మధ్యమధ్య లేచి నడవమనండి. పచ్చళ్ళ సూట్‌కేసు మాత్రం ఇంకొకరు ఎత్తాలి.

వచ్చే నెల మా అమ్మాయి పెళ్ళి. ఎడమ చేతికి ఏడాదిగా స్లీవ్ వాడుతున్నాను. పెళ్ళిపీటల మీద కూర్చోవాలి. ఆ ఒక్క రోజూ తీసేసి గాజులు వేసుకోవచ్చా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

వేసుకోండి. కానీ తీసేసేది రోజంతా కాదు, ఫొటోలకీ కన్యాదానానికీ రెండు మూడు గంటలు. ఆ ముందు వారం ఒక్క రోజు కూడా మానకుండా వేసుకుని, పెళ్ళి అయిన రాత్రి మళ్ళీ తొడుక్కోండి. గాజులు ఒక సైజు పెద్దవి, సబ్బు రాయకుండా ఎక్కి దిగేవి. మట్టి గాజులు పెళ్ళి హడావుడిలో పగిలి గీరుకుంటాయి, ఆ చేతికి మెటల్‌వో బంగారువో వేసుకోండి. బరువు గాజులు కుడి చేతికి. గోరింటాకు ఇంట్లో రుబ్బినదైతే ఫర్వాలేదు. నల్లగా పండే కోన్లు వద్దు, చర్మం పొక్కిపోతుంది.

అన్నట్టు, పెళ్ళి చీర బ్లౌజు ఇంకా కుట్టడానికి ఇవ్వకపోతే టైలర్ దగ్గరికి స్లీవ్ వేసుకునే వెళ్ళి కొలతలివ్వండి. ఎడమ చెయ్యి విడిగా కొలవమనండి. రెండు చేతులకీ ఒకే కొలత వేయడం వాళ్ళకి అలవాటు.